నాలుగు ఊళ్ళ వాళ్ళు కట్టిన గుడి

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర మా కాలనీలో ఉన్న చర్చిని, మేం గుడి అనేదాన్ని, దారిన పోయేవాళ్ళెవరూ ఆగి ఫోటో తీసుకోరు. నిజం చెప్పుకోవాలంటే చూడ్డానికి అంత బాగుండదు. కింది అంతస్తు కిటికీలు చిన్నవి, చెక్కవి. పై అంతస్తువి అల్యూమినియం చట్రాల్లో నల్ల అద్దాలవి. ముందు వైపు కోసుగా ఒక ఆర్చీ, దాని పక్కనే ఏ సంబంధమూ లేకుండా బయటి మెట్లు. సిలువ ఉన్న గోపురం సరిగ్గా మధ్యలో ఉండాల్సింది, కాస్త కుడికి జరిగి ఉంటుంది. లోపలికొస్తే వేదిక మనిషి నడుము ఎత్తున ఉంటుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు మెడ పైకెత్తుకుని వాక్యం వినాలి. కొత్తగా వచ్చినవాళ్ళు, కొంచెం చొరవ ఉన్నవాళ్ళైతే, దీనికి ప్లాను ఎవరు గీశారండీ అని అడుగుతారు. ఎవరూ గీయలేదు. ఎవరికి తోచిన మాట వాళ్ళు అన్నారు, ఎవరి మాటా తీసెయ్యలేక అన్నీ కట్టేశారు. ఒక్కో వంకరకీ ఒక్కో కథ ఉంది. ఆ కథలు తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు కాబట్టి నాకు గుర్తున్నంత రాస్తున్నాను.

ఈసీఐఎల్, అంటే కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ, 1967లో మొదలైంది. పక్కనే 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, అంటే అందరూ అనే ఎన్‌ఎఫ్‌సీ వచ్చింది. అంతకుముందు ఇటంతా బండలు, తుమ్మచెట్లు, అక్కడక్కడా పొలాలు. దూరంగా మౌలాలి గుట్ట. ఫ్యాక్టరీలు రాగానే రాష్ట్రం నలుమూలల నుంచి ఉద్యోగస్తులు దిగారు. వాళ్ళ కోసం క్వార్టర్లు, తర్వాత లేఅవుట్లు. ఈసీఐఎల్‌ని నిలబెట్టిన డాక్టర్ ఏ.ఎస్.రావు గారి పేరుతో ఇప్పుడు ఒక పెద్ద కాలనీయే ఉంది. అక్కడ కాఫీ తాగుతూ కూర్చునే పిల్లల్లో ఆ రావు ఎవరో తెలిసినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే.

ఆ వచ్చినవాళ్ళలో క్రైస్తవులు కొందరున్నారు. అయితే అందరూ ఒక్క గుడి నుంచి వచ్చినవాళ్ళు కాదు. ఈ సంగతి బయటివాళ్ళకి అంత తేలిగ్గా అర్థం కాదు. గుంటూరు వైపు వాళ్ళు లూథరన్లు. అక్కడికి హేయర్ అనే మిషనరీ 1842లోనే వచ్చాడు. ఒంగోలు వైపు వాళ్ళు బాప్టిస్టులు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన చరిత్ర వాళ్ళది, ఆ సంఖ్య వాళ్ళ ఇళ్ళలో చిన్నపిల్లలకి కూడా వచ్చు. మెదక్ వైపు వాళ్ళు వెస్లియన్ మెథడిస్టుల చేతిలో పెరిగినవాళ్ళు. డోర్నకల్ వైపు వాళ్ళది ఆంగ్లికన్ పద్ధతి. మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారు 1912లో బిషప్ అయింది అక్కడికే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్‌ఐ, ఏర్పడినప్పుడు మెదక్ వాళ్ళూ డోర్నకల్ వాళ్ళూ ఒకే గొడుగు కిందికి వచ్చారు. బాప్టిస్టులూ లూథరన్లూ అందులో చేరలేదు. అంత పెద్ద పెద్ద బిషప్పులకి కుదరని పని మా క్వార్టర్లలో జరగాల్సి వచ్చింది. కారణం పెద్దదేమీ కాదు. ఆదివారం పొద్దున సికింద్రాబాద్ వెళ్ళే బస్సు దొరికేది కాదు.

మొదట్లో ఎవరి దారి వాళ్ళదే. మెదక్ వాళ్ళు క్లాక్ టవర్ దగ్గరి వెస్లీ చర్చికి, ఒంగోలు వాళ్ళు సెంటినరీ బాప్టిస్ట్ చర్చికి వెళ్ళేవాళ్ళు. మా నాన్నది గుంటూరు జిల్లా, అమ్మది మెదక్ దగ్గర పల్లె. అందుకని మా ఇంట్లో ఎటు వెళ్ళాలన్నదే శనివారం రాత్రి పంచాయితీ. బస్సు కోసం గంటల తరబడి నిలబడి, ఎండలో పిల్లల్ని ఎత్తుకుని తిరిగొచ్చి విసిగిపోయాక, డెబ్బైల మొదట్లో ఎవరో ఒకాయన తన క్వార్టర్లోనే ప్రార్థన పెట్టించాడు. ముందు గదిలో మంచం బయట వేసి, చాపలు పరిచేవాళ్ళు. గడప దాటితే వంటిల్లు. స్త్రీలు వంటింట్లో కూర్చునేవాళ్ళు, మగవాళ్ళు గదిలో. వాక్యం చెప్పే ఆయన గుమ్మంలో నిలబడి సగం మాటలు ఇటు తిరిగి, సగం అటు తిరిగి చెప్పేవాడు.

మా పెద్దల్ని అందరూ ఊరి పేర్లతోనే పిలిచేవాళ్ళు. ఒంగోలు తాత, గుంటూరు మామ, మెదక్ పెదనాన్న, డోర్నకల్ అత్తయ్య. ఒంగోలు తాత ప్రార్థన మొదలుపెడితే ఎప్పుడు ముగుస్తుందో తెలిసేది కాదు. డోర్నకల్ అత్తయ్య ప్రార్థన పుస్తకం లేకుండా కూర్చునేది కాదు, మోకరించాల్సిన చోట మోకరించకపోతే ఊరుకునేది కాదు. గుంటూరు మామ పాట ఎత్తుకుంటే అది ఒక రాగం, మెదక్ పెదనాన్న ఎత్తుకుంటే అదే పాట ఇంకో రాగం. కీర్తనల పుస్తకం ఒక్కటే కదా అని చెప్పుకోవడం వరకే. రెండో చరణం వచ్చేసరికి గది రెండుగా చీలిపోయేది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు: పాట ఎవరు ఎత్తుకుంటే వాళ్ళ రాగం. ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది.

జనం పెరిగారు, ఆ క్వార్టరు చాలలేదు. స్థలం కోసం డబ్బు పోగుచేయడంలో ఆడవాళ్ళ చెయ్యి పెద్దది. పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి మన సంఘాల్లో చాలాచోట్ల ఉంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా గుడికి తెచ్చి గోనెసంచిలో పోస్తారు. ఆ బియ్యం అమ్మిన డబ్బు సంఘానికి. మా అమ్మ డబ్బా పాత పాలపొడి డబ్బా. మూత దగ్గర తుప్పు పట్టి వేలు కోసుకుపోయేది. ఎవరి బియ్యం ఎలాంటివో గోనెసంచిలో పడ్డాక తెలియదు కాబట్టి, అందులో సన్నవీ లావువీ రేషనువీ అన్నీ కలిసేవి. కొనేవాడు ధర తగ్గించి అడిగేవాడు. డోర్నకల్ అత్తయ్య వాడితో బేరమాడే తీరు చూడ్డానికి పిల్లలం వెంట వెళ్ళేవాళ్ళం.

స్థలం దొరికింది పంచాయతీ లేఅవుట్లో, చివరి ప్లాటు. చవగ్గా దొరకడానికి కారణం దాని నడిబొడ్డున ఏనుగంత బండ ఉండటం. కొనాలా వద్దా అని ఒక నెల తర్జనభర్జన పడ్డారు. మెదక్ పెదనాన్న చూసొచ్చి, "గా బండను పీకనీకె మన తరం గాదు" అన్నాడు. ఒంగోలు తాత మాత్రం బండ మీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుడి వాక్యం ఎత్తాడు. మత్తయి సువార్త ఏడో అధ్యాయం ఎదురుగా పెట్టాక ఇంకెవరు మాట్లాడతారు? కొన్నారు. తర్వాత మా గుడికి వచ్చిన ప్రతి అతిథి ప్రసంగీకుడూ, బండ సంగతి తెలియగానే, అదే వాక్యం మీద చెప్పాడు. అదేదో తనకే మొదటిసారి తట్టినట్టు చెప్పేవాళ్ళు. మేం కూడా మొదటిసారి వింటున్నట్టే తలలూపేవాళ్ళం.

బండ కొట్టడానికి వడ్డెరవాళ్ళు వచ్చారు. అది నేను దగ్గరగా చూశాను, స్కూలు సెలవులు కాబట్టి. ముందు బండ మీద చేత్తో తడిమి, సుత్తితో అక్కడక్కడా కొట్టి చెవి పెట్టి వినేవాళ్ళు. పొర ఎటు ఉందో ఆ చప్పుడులో తెలుస్తుందట. తర్వాత ఒక గీత వెంట జానెడేసి దూరంలో చిన్న చిన్న గుంటలు తొలిచేవాళ్ళు. ఒక్కో గుంటలో ఒక్కో ఉక్కు మేకు. ఆ తర్వాత వరసగా ఒక్కో మేకుకీ ఒక్కో దెబ్బ, మళ్ళీ మొదటి మేకు నుంచి. గట్టిగా కొట్టేవాళ్ళు కాదు. అంత లావు సుత్తి పట్టుకుని ఎందుకంత మెల్లగా కొడుతున్నారా అనుకునేదాన్ని. చాలాసేపు ఏమీ జరగదు. ఉన్నట్టుండి సన్నగా ఒక చప్పుడు, గుంటల వెంట వెంట్రుకవాసి గీత. అంతే, బండ రెండైపోయేది. ఆ రాళ్ళతోనే పునాది కట్టారు, బయటి రాళ్ళు కొనే అవసరం రాలేదు. కానీ బండ భూమిలోకి ఎంత దిగి ఉందో ఎవరూ అంచనా వేయలేకపోయారు. తూర్పున మూడు వంతులు పోయింది, పడమర వైపు ముక్క మాత్రం కదల్లేదు, డబ్బు అయిపోయింది. ఏం చేయాలి? దాని చుట్టూ గోడ కట్టి, మన్ను నింపి, పైన షాబాద్ బండలు పరిచేశారు. అదే మా వేదిక. అంత ఎత్తుగా ఎందుకుందని అడిగేవాళ్ళకి ఇదీ జవాబు.

ఈ సందట్లో మేస్త్రీ తలవాకిలి తూర్పుకే ఉండాలని పట్టుబట్టాడు. మనకి వాస్తేంటయ్యా అని పెద్దలు గట్టిగా కసిరారు. చివరికి తలవాకిలి తూర్పుకే వచ్చింది. రోడ్డు అటే ఉంది కాబట్టి, అన్నారు.

మొదట కట్టింది రేకుల షెడ్డు. స్లాబు వేయాలన్న కోరిక లేక కాదు. ఆ రోజుల్లో సిమెంటు మీద కంట్రోలు ఉండేది. పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి, దొరికిన నాలుగు బస్తాలు వానకి గడ్డకట్టకుండా కాపాడుకోవాలి. 1982లో ఆ కంట్రోలు కొంత సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. ఈ ఏడేళ్ళ మధ్యలోనే మా చుట్టుపక్కల కాలనీలు పెంకుల నుంచి, రేకుల నుంచి స్లాబులకి మారిపోయాయి, మా గుడి కూడా.

షెడ్డులో ఉండగా వచ్చిన పెద్ద గొడవ బాప్తిస్మం తొట్టిది. బాప్టిస్టులకి ముంచాలి, నీళ్ళు చల్లితే ఒప్పుకోరు. మిగతా ముగ్గురికీ చిన్నపిల్లల తల మీద నీళ్ళు పోస్తే చాలు, తొట్టి దండగ. "మునగకుండా అదేం బాప్తిస్మం" అని ఒంగోలు తాత, "పుట్టిన పిల్లను తొట్లో ముంచుతవా" అని మెదక్ పెదనాన్న. ఇద్దరూ కొన్నాళ్ళు ఎదురుపడితే వందనాలు చెప్పుకోవడం కూడా మానేశారు. అప్పుడు మాకు వచ్చిన అయ్యగారు, అంటే పాస్టరు, కొంచెం లౌక్యం తెలిసిన మనిషి. తొట్టి తవ్వుదాం, కానీ కనపడకుండా ఉంచుదాం, అన్నాడు. వేదిక కింద బండ ఉంది కాబట్టి అక్కడ తవ్వడం కుదరదు. ఎడమ పక్క, గానబృందం కూర్చునే చోట తవ్వారు. సిమెంటు పూత పూసి, మూడు మెట్లు కట్టి, పైన టేకు పలకలు పరిచారు. మామూలు ఆదివారాల్లో పలకల మీద చాప, చాప మీద గానబృందం. బాప్తిస్మాల రోజున వాళ్ళు లేచి పలకలు ఎత్తాలి. ఇటు పక్క నీళ్ళు చల్లేవాళ్ళ కోసం ఒక ఇత్తడి గిన్నె, దానికో కొయ్య స్టాండు. ఆ రెండింటికీ మధ్య ఎడం సరిగ్గా నాలుగడుగులు.

ఆ పలకల కింద బోలుగా ఉండటం వల్ల ఎవరైనా కాలితో తాళం వేస్తే ధబధబమని మోగేది. పిల్లలమైన మాకు అదే డోలు. గుంటూరు మామ తబల కొనిపించేదాకా అదే నడిచింది.

షెడ్డు రోజుల గురించి ఇప్పుడు చాలామంది కళ్ళు మూసుకుని మాట్లాడతారు. ఆ ప్రేమలు వేరు, ఆ ఆత్మీయత వేరు, అని. నేను ఒప్పుకోను. ఏప్రిల్, మే నెలల్లో సిమెంటు రేకుల కింద కూర్చున్నవాళ్ళకి ఆ మాట ఎలా వస్తుందో నాకు అర్థం కాదు. పదిన్నరకల్లా వేడి నెత్తిన దిగేది. పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్ళు, బాలింతలు బయట వేపచెట్టు కింద కూర్చుని అక్కడి నుంచే వినేవాళ్ళు. వానాకాలం ఇంకో రకం. రేకుల మీద వాన మొదలైతే అయ్యగారి నోరు కదలడం కనపడేది, మాట వినపడేది కాదు. ఆయన వాక్యం ఆపి చెయ్యి పైకెత్తితే అందరం పాట అందుకునేవాళ్ళం. వాన ఆగేదాకా పాటలే. ఒకసారి రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు బల్ల మీద తెల్లగుడ్డ తడిసిపోయింది. అయ్యగారి భార్య, అమ్మగారు, పరుగున వెళ్ళి రొట్టె పళ్ళేన్ని కొంగులో దాచుకుని నిలబడింది.

స్లాబు వేసిన రోజు మాత్రం నేను ఎవరు అడిగినా చెబుతాను. ముందురోజు రాత్రే సరుగుడు కర్రలు, సెంట్రింగ్ రేకులు, వాటి మీద అల్లిన ఇనుప చువ్వలు సిద్ధమయ్యాయి. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. కలిపిన సిమెంటు అరగంట దాటితే బిగుసుకోవడం మొదలెడుతుంది. ఆపి మళ్ళీ పోస్తే ఆ అతుకు దగ్గరే రేపు నీళ్ళు కారతాయి. తెల్లవారుజామున ప్రార్థన చేసి కాంక్రీటు కలిపే మిల్లరు తిప్పారు. పది గంటలకి మిల్లరు ఆగిపోయింది. బాగుచేసేవాడు కుషాయిగూడ నుంచి రావాలి. మేస్త్రీ ముఖం పాలిపోయింది. ఆ తర్వాత జరిగింది ఎవరు చెప్పారని కాదు. ఒకరు పార తీసుకున్నారు, ఇంకొకరు కంకర కొలిచే డబ్బా పట్టుకున్నారు. కిందే చేత్తో కలపడం, తట్టల్లో ఎత్తడం. నిచ్చెన మీద మెట్టుకొకరు నిలబడి తట్ట పైకి అందించడం, ఖాళీ తట్ట కిందికి విసరడం. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు బిగించారు. ఆఫీసుకి తెల్లచొక్కా తప్ప వేసుకోని గుంటూరు మామ మోకాళ్ళ దాకా సిమెంటులో ఉన్నాడు. మాటలు మానేసిన తాతా పెదనాన్నా నిచ్చెన మీద పక్కపక్క మెట్ల మీద పడ్డారు. ఒకరి చేతిలోంచి ఒకరు తట్ట అందుకోకపోతే పని ఆగిపోతుంది. "అందుకోవయ్యా" అన్నాడు ఒకాయన. "వదులు మరి" అన్నాడు రెండో ఆయన. చాలా నెలల తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవే. చీకటి పడేవేళకి స్లాబు ముగిసింది. అరచేతులు సిమెంటుకి పగిలిపోయి కొబ్బరినూనె రాసుకుంటూ అందరూ పులిహోర తిన్నారు.

తర్వాత క్యూరింగు. స్లాబు మీద చిన్న చిన్న గట్లు కట్టి మడుల్లో నీళ్ళు నిలిపారు. బోరులో నీళ్ళు తక్కువ. వంతులేసుకుని బిందెలు మోశారు. ఆ వంతుల కాగితం నాన్న రాసింది, గుడి బీరువాలో ఇంకా ఉంది.

స్లాబు హాలు వచ్చాక దాతలు ముందుకొచ్చారు. బెంచీల వెనక ఎర్రరంగుతో "ఫలానావారి జ్ఞాపకార్థం" అని రాయించేవాళ్ళు. అది బాగానే ఉంది. ట్యూబులైట్ల మీద కూడా రాయించారు, దాంతో సగం వెలుతురు పేర్లకే పోయింది. ఫ్యాన్లకైతే ఒక్కో రెక్క మీద ఒక్కో మాట. ఫ్యాను తిరుగుతున్నంతసేపు దాత ఎవరో తెలియదు. కరెంటు పోతే, అదీ చెమటలు కక్కుతున్నప్పుడు, అందరూ తల ఎత్తి చదువుకునేవాళ్ళు.

ఆ హాల్లో కోతల పండుగలు బాగా జరిగేవి. పొలాల్లేని ఉద్యోగస్తులకి కోతలేంటి అంటారేమో. ఊళ్ళ నుంచి బస్సుల్లో తెప్పించేవాళ్ళు. గుంటూరు మిరపకాయలు, మెదక్ నుంచి మక్కజొన్న కంకులు, ఎవరో ఒకరి పెరటి గుమ్మడికాయ. ఆరాధన తర్వాత వేలం. గుమ్మడికాయ పాడుకున్నవాడు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళకుండా మళ్ళీ గుడికే ఇచ్చేసేవాడు. మళ్ళీ వేలం, మళ్ళీ తిరిగి ఇవ్వడం. ఒకే గుమ్మడికాయ మీద కిటికీ తలుపులన్నీ వచ్చాయని మా వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

ఆర్చీ సంగతి చెప్పాలి. సంఘమంతా బస్సు మాట్లాడుకుని మెదక్ గుడి చూడ్డానికి వెళ్ళింది. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నూరడుగుల వెడల్పు, రెండు నూర్ల అడుగుల పొడుగు, 175 అడుగుల గోపురం. లోపల మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలు: క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయట ఎండ ఉంటేనే ఆ బొమ్మలకి ప్రాణం వస్తుంది, రాత్రిపూట లోపలి నుంచి చూస్తే నల్లగా ఉంటాయి. పైకప్పులో శబ్దాన్ని పీల్చే గుల్ల పదార్థం వేశారని చూపించినాయన చెప్పాడు. ఆ మాట మావాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్ళూ గోపురం మీదా, కోసు ఆర్చీల మీదా ఉన్నాయి. మెదక్ పెదనాన్న ఆ రోజంతా ఆ గుడి తానే కట్టించినట్టు తిరిగాడు.

తిరిగొచ్చాక మనకీ ఒక ఆర్చీ, ఒక గోపురం ఉండాలన్నారు. మేస్త్రీకి క్యాలెండరు మీది బొమ్మ చూపించారు. ఆయన బొమ్మ చూసి కట్టాడు, బొమ్మ చిన్నది కాబట్టి ఆర్చీ కూడా కొంచెం అలాగే వచ్చింది. గోపురం అప్పటి హాలుకి సరిగ్గా మధ్యలోనే కట్టారు. పదేళ్ళకి పక్కనున్న సందు స్థలం కొని హాలు ఎడమ వైపుకి పెంచారు. దాంతో మధ్య జరిగింది, గోపురం జరగలేదు.

పై అంతస్తు లేపి, కింది హాలు కప్పు పగలగొట్టి ఎత్తు పెంచి బాల్కనీ కట్టాక అసలు తలనొప్పి మొదలైంది. ప్రతిధ్వని. అయ్యగారు "దేవుడు" అంటే "వుడు, వుడు" అని వెనక గోడ అనేది. నున్నగా ప్లాస్టరు చేసిన గోడలు, మార్బుల్ నేల, ఎత్తైన కప్పు. మాట ఎక్కడా ఆగదు, ఒకదాని మీద ఒకటి పడుతుంది. ఇంకా పెద్ద స్పీకర్లు తెచ్చారు, ఇంకా పాడైంది. సౌండ్ సిస్టమ్ చూసుకునే కుర్రాడు ఒక సంగతి కనిపెట్టాడు: క్రిస్మస్ రోజున మాత్రం మాట స్పష్టంగా ఉంటోంది. జనం నిండితే వాళ్ళ ఒళ్ళూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. ప్రతి ఆదివారం అంతమంది రారు కదా. పెద్ద స్పీకర్లు తీసేసి స్తంభాలకి చిన్నవి బిగించారు, వెనక గోడకి బరువైన తెరలు వేలాడదీశారు. మెదక్‌లో ఆయన చెప్పినప్పుడు విని ఉంటే ఆ ఖర్చు మిగిలేది.

తొంభైల తర్వాత అన్నీ వేగంగా జరిగిపోయాయి. మా ప్రాంతం, కాప్రా, మున్సిపాలిటీ అయ్యింది, 2007లో మిగతా శివారు మున్సిపాలిటీలతో పాటు జీహెచ్‌ఎంసీలో కలిసింది. పంచాయతీ కాగితం మీద కట్టిన గోడలకి పర్మిషన్లు, రెగ్యులరైజేషన్లు, ఫైళ్ళు. సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చారు, ఇంగ్లిష్ ఆరాధన వచ్చింది, తెలుగు ఆరాధన రెండయింది. స్కూటర్లు పోయి కార్లు వచ్చాయి. పార్కింగ్ గురించి పక్కింటివాళ్ళతో మాటలు వచ్చాయి, తప్పు మాదే ఎక్కువ. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు కూడదన్న రూలు వచ్చాక డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి తలుపులు మూసుకోవాల్సి వచ్చింది. తలుపులు మూస్తే ఉక్క, అందుకని ఏసీలు, ఏసీల కోసం నల్ల అద్దాల కిటికీలు. పాత కిటికీలు కింద అలాగే ఉంచారు. గుమ్మడికాయ కిటికీలు తీయడానికి ఎవరికీ నోరు రాలేదు.

షెడ్డు రోజుల్లో నాకు నిజంగా నచ్చినది ఒకటుంది. గుమ్మం బయట చెప్పులు చూస్తే లోపల ఎవరున్నారో తెలిసిపోయేది. ఒంగోలు తాతవి టైరు చెప్పులు, డోర్నకల్ అత్తయ్యవి ఒక పక్క అరిగిన హవాయి. ఆలస్యంగా వస్తే చెప్పులు చూసుకుని, ఎవరి పక్కన చోటుంటుందో లెక్కేసుకుని లోపలికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు చెప్పుల స్టాండుకి నంబర్లున్నాయి, సగం మంది బూట్లు విప్పరు కూడా.

ఇప్పుడు నడుస్తున్న గొడవ లిఫ్టుది. పెద్ద ఆరాధన పై అంతస్తులో జరుగుతోంది. మెట్లు ఎక్కలేని ముసలివాళ్ళు కింద హాల్లో టీవీ తెర ముందు కూర్చుంటున్నారు. ఈ గుడికి ఇసుక మోసినవాళ్ళు వాళ్ళే. లిఫ్టు పెట్టాలంటే కింద గొయ్యి తీయాలి. వేదిక పక్కన తీద్దామంటే బండ. ఇళ్ళ మధ్య మందు పెట్టి పేల్చడం కుదరదు, మేకులు కొట్టే వడ్డెరవాళ్ళు ఇప్పుడు దొరకరు. అప్పుడు ఒంగోలు తాత మనవడే లేచి, బాప్తిస్మం తొట్టి ఎటూ తవ్వి ఉంది కదా, అక్కడ పెట్టేద్దాం, మనం ఇప్పుడు బాప్తిస్మాలకి రిసార్ట్ స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తున్నాం కదా, అన్నాడు. అందరూ సరేనన్నారు. మా అమ్మ ఒప్పుకోలేదు. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు వంగవు, లిఫ్టు ఎవరికన్నా కావాలంటే ముందు ఆమెకే కావాలి. నీళ్ళు చల్లే మెదక్ పద్ధతిలో పెరిగింది, మా ఇంట్లో ఒక్కరూ ఆ తొట్టిలో మునగలేదు. "ఆ ముసలాయన అంత కొట్లాడి తవ్వించిండు. నేనుండంగ పూడ్వనీయ" అంది, మైకు అడక్కుండానే.

ఇక మిగిలింది బయటి మెట్లు కొట్టేసి ఆ చోట లిఫ్టు పెట్టడం. బాల్కనీ కట్టాక ఇంకో దారి ఉండాలని హడావిడిగా కట్టిన మెట్లు అవి, ఒక కుటుంబం వాళ్ళ నాన్న జ్ఞాపకార్థం కట్టించింది. వాళ్ళబ్బాయి ఇప్పుడు ఖతార్‌లో ఉన్నాడు. కార్యదర్శి ఫోన్ చేసి అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాడు. లిఫ్టు తలుపు మీద నాన్న పేరు రాయించమన్నాడు. తలుపు తెరుచుకుంటే పేరు రెండు ముక్కలవుతుంది, ఏ అక్షరం దగ్గర విడగొట్టాలో చెప్పమని కార్యదర్శి అడిగాడు. వాళ్ళిద్దరూ ఇంకా దాని మీదే ఉన్నారు.